బలానికే కాదు, నాయకత్వానికీ మనమే: ఆర్థర్ బీట్సన్ ఆట, బతుకు

(ప్రపంచ ఆదివాసీ దినోత్సవం సందర్భంగా యువజన సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఈ రోజు కొమురం భీం గురించో, బిర్సా ముండా గురించో మాట్లాడతానని మీరు అనుకుని ఉంటారు. వాళ్ల గురించి చెప్పడానికి నాకంటే బాగా తెలిసిన పెద్దలు ఇక్కడ ఉన్నారు. నేను మైదానంలో ఈల ఊదే మనిషిని. నాకు తెలిసింది ఆట. అందుకే ఆట గురించే మాట్లాడతాను. అయితే మన దేశం ఆట కాదు, మన దేశం మనిషి కాదు. సముద్రాల అవతల ఆస్ట్రేలియాలో పుట్టిన ఒక ఆదివాసీ బిడ్డ గురించి. పేరు ఆర్థర్ బీట్సన్. వాళ్ల జనం ముద్దుగా 'బిగ్ ఆర్టీ' అని పిలుచుకున్నారు. ఆగస్టు 9 ప్రపంచంలోని ఆదివాసులందరి పండుగ కాబట్టి ఈ రోజు ఆయన్ని తలుచుకోవడం తప్పు కాదనుకుంటాను.

ఎందుకు ఈయనే అంటే ఒక కారణం ఉంది. సెలక్షన్లకు మన పిల్లల్ని తీసుకెళ్లినప్పుడు నేను ఎప్పుడూ వినే మాట ఒకటుంది. 'ఏజెన్సీ పిల్లలు బలంగా ఉంటారు సార్, అలుపు లేకుండా పరిగెడతారు' అంటారు. వినడానికి మెచ్చుకోలులాగే ఉంటుంది. కానీ కెప్టెన్‌ని ఎంచుకునే వేళకు ఆ నోళ్లే మూతపడతాయి. కోచ్ ఉద్యోగం వేళకు మన పేరు అసలు గుర్తుకే రాదు. బలం కావాల్సినప్పుడు మనల్ని పిలుస్తారు, బుర్ర కావాల్సినప్పుడు ఇంకొకరిని పిలుస్తారు. బీట్సన్ జీవితమంతా ఈ లెక్కను తిరగరాయడంతోనే గడిచింది. అందుకే ఆయన కథ మీకు చెప్పాలనిపించింది.

ఆ ఆట ఏమిటి?

ముందు రగ్బీ లీగ్ అంటే ఏమిటో రెండు ముక్కల్లో చెప్తాను. కోడిగుడ్డు ఆకారంలో ఉండే బంతి. జట్టుకు 13 మంది. ఆట 80 నిమిషాలు. బంతిని చేత్తో పట్టుకుని ఎదుటివాళ్ల గీత దాటించి నేలకు తాకించాలి. బంతిని చేత్తో ముందుకు విసరకూడదు, పక్కకో వెనక్కో మాత్రమే అందించాలి. బంతి పట్టుకున్నవాడిని ఎదుటి జట్టు పట్టి పడేస్తుంది. మన కబడ్డీలో రైడర్‌ని నడుము దగ్గర, తొడల దగ్గర పట్టేస్తారు చూడండి, అచ్చం అలాగే. కానీ కబడ్డీలో పట్టుబడితే రైడర్ అవుట్. ఇక్కడ మాత్రం లేచి, బంతిని కాలితో వెనక్కి నెట్టి, మళ్లీ మొదలుపెట్టాలి. ఆరుసార్లు పట్టుబడే లోపు గీత దాటాలి, లేకపోతే బంతి ఎదుటివాళ్లకు పోతుంది.

ఈ 13 మందిలో ఆరుగురిని ఫార్వర్డ్‌లు అంటారు. వాళ్ల పని పొలంలో దుక్కి దున్నే ఎద్దుల పనిలాంటిది. గోడలా నిలబడ్డ ఎదుటి మనుషుల మీదకు తలవంచుకుని దూసుకుపోవడం, నాలుగు గజాలు సంపాదించడం, దెబ్బ తినడం, లేవడం, మళ్లీ వెళ్లడం. వెనకాల ఉండే వేగమైన ఆటగాళ్లు ఆ దారిలో పరుగెత్తి పాయింట్లు తెస్తారు. చప్పట్లు వాళ్లకు, దెబ్బలు వీళ్లకు. బీట్సన్ అలాంటి ఫార్వర్డ్. మొదట్లో రెండో వరుసలో ఆడాడు, తర్వాత ముందు వరుసలో స్థిరపడ్డాడు.

ఈ ఆట పుట్టుక కూడా మీరు తెలుసుకోవాలి. 1895లో ఇంగ్లండ్ ఉత్తరాన హడర్స్‌ఫీల్డ్ ఊళ్లో పుట్టింది. అప్పట్లో రగ్బీ ఆడేవాళ్లకు డబ్బులు ఇవ్వకూడదని పెద్దింటివాళ్ల నియమం. ఆస్తిపరులకు ఇబ్బంది లేదు. కానీ గనుల్లో, మిల్లుల్లో పనిచేసే కూలీ ఆటకు వెళ్తే ఆ పూట కూలి పోయేది. పోయిన కూలి మాకు ఇప్పించండి అని ఉత్తరాది క్లబ్బులు అడిగాయి. పెద్దలు ఒప్పుకోలేదు. అప్పుడు విడిపోయి వేరు కుంపటి పెట్టుకున్నారు. అదే రగ్బీ లీగ్. 1908 నాటికి ఆస్ట్రేలియాలోని సిడ్నీ, బ్రిస్బేన్ నగరాలకు చేరింది. కూలీల ఆటగా పుట్టింది కాబట్టే తర్వాతి కాలంలో అక్కడి ఆదివాసులు ఇందులో ఇంత చోటు సంపాదించుకోగలిగారని నా ఉద్దేశం.

బీట్సన్‌కి ముందు

చోటు అంత తేలిగ్గా దొరకలేదు. క్వీన్స్‌లాండ్ రాష్ట్రంలో 1897లో ఒక చట్టం చేశారు. ఆదివాసుల 'రక్షణ' కోసం అని పేరు. కానీ ఆదివాసి ఎక్కడ ఉండాలో, ఎక్కడ పనిచేయాలో, ఎవరిని పెళ్లి చేసుకోవాలో, ఆఖరికి తను సంపాదించిన కూలి డబ్బు ఎప్పుడు తీసుకోవాలో కూడా అధికారే నిర్ణయించేవాడు. దేశమంతటా వేలమంది ఆదివాసీ పిల్లల్ని తల్లుల ఒడిలోంచి లాక్కుని మిషన్లలో, తెల్లవాళ్ల ఇళ్లలో పెంచారు. వాళ్లనే అక్కడ 'దొంగిలించబడిన తరాలు' అంటారు. మన దగ్గరా అలాంటి చట్టం ఉందని మీకు తెలుసు. 1871లో తెల్లదొరలు తెచ్చిన నేరస్థ తెగల చట్టం. మన ఎరుకల వాళ్ల లాంటి జాతుల్ని పుట్టుకతోనే దొంగలని ముద్ర వేసి, హాజరు వేయించుకున్న చట్టం. స్వాతంత్ర్యం వచ్చాక 1952లో గానీ అది పోలేదు. దేశాలు వేరైనా మన తాతల గోస ఒకలాంటిదే.

ఆ రోజుల్లో క్వీన్స్‌లాండ్‌లోని చెర్బర్గ్ అనే ఆదివాసీ సెటిల్‌మెంట్‌లో ఫ్రాంక్ ఫిషర్ అనే గొప్ప ఆటగాడు ఉండేవాడు. 1930లలో పర్యటనకు వచ్చిన ఇంగ్లండ్ జట్టు మీద ఆడి వాళ్లను ఆశ్చర్యపరిచాడు. ఇంగ్లండ్ వచ్చి ఆడమని అక్కడి నుంచి పిలుపు వచ్చినా, వెళ్లడానికి అధికారులు అనుమతి ఇవ్వలేదని చెప్పుకుంటారు. ఆయన మనవరాలే 2000 సిడ్నీ ఒలింపిక్స్‌లో 400 మీటర్ల పరుగులో బంగారు పతకం గెలిచిన కేథీ ఫ్రీమన్. తాతకు దొరకని పరుగుబాట మనవరాలికి దొరకడానికి దాదాపు డెబ్బై ఏళ్లు పట్టింది.

1960లో లయనెల్ మోర్గన్ ఆస్ట్రేలియా రగ్బీ లీగ్ జట్టుకు ఆడిన మొదటి ఆదివాసీ అయ్యాడు. తలుపు కొంచెం తెరుచుకుంది. ఆ తలుపును భుజంతో పూర్తిగా నెట్టినవాడు బీట్సన్.

రోమా నుంచి సిడ్నీకి

ఆర్థర్ బీట్సన్ 1945 జనవరి 22న క్వీన్స్‌లాండ్ లోపలి ప్రాంతంలోని రోమా అనే చిన్న పట్టణంలో పుట్టాడు. తల్లి ఆదివాసి. బ్రిస్బేన్ దగ్గర రెడ్‌క్లిఫ్ క్లబ్ ఆయనకు మొదటి పెద్ద మెట్టు. 1965లో ఆ క్లబ్ బ్రిస్బేన్ పోటీల్లో మొట్టమొదటిసారి విజేతగా నిలిచింది. అందులో ఇరవై ఏళ్ల బీట్సన్ ఉన్నాడు.

మరుసటి ఏడాదే, 1966లో, సిడ్నీలోని బాల్మైన్ క్లబ్ ఆయన్ని తీసుకుంది. అదే ఏడాది ఆస్ట్రేలియా తరఫున ఆడాడు. ఒక్క సంవత్సరంలో ఊరి మైదానం నుంచి దేశం జట్టుకు! అయితే ఇక్కడ ఒక మాట గుర్తుపెట్టుకోండి. ఆయన దేశం తరఫున ఆడింది 1966లో. దేశ జనాభా లెక్కల్లో ఆదివాసుల్ని లెక్కపెట్టకూడదన్న వాక్యాన్ని రాజ్యాంగం నుంచి తీసేయడానికి ప్రజలు ఓటు వేసింది 1967 మే 27న. అంటే దేశం జెర్సీ ఆయన ఒంటి మీదకు ముందు వచ్చింది, తన జనం దేశం లెక్కలోకి తర్వాత వచ్చారు. ఆ ఓటింగ్‌లో నూటికి తొంభై మందికి పైగా 'అవును' అన్నారు. ఆ మార్పు కోసం ఆదివాసీ పెద్దలు, వాళ్ల తోటి మనుషులు పదేళ్ల పాటు ఊరూరా తిరిగి పనిచేశారు.

సిడ్నీలో ఆయనకు వెంటనే పూలదారి పరవలేదు. మనిషి భారీగా ఉండేవాడు, వంద కిలోలు దాటేవాడు. తిండి అంటే ఇష్టం, ఆ విషయం ఆయనెప్పుడూ దాచుకోలేదు. ఆట మొదట్లో చెలరేగి, రెండో సగంలో నెమ్మదించేవాడు. ఇప్పటిలా మాటిమాటికీ ఆటగాడిని మార్చుకునే వీలు అప్పట్లో లేదు. అందుకని ఆయనకు 'సగం ఆట ఆర్టీ' అని పేరు పెట్టారు. ఒకసారి పేరు పడ్డాక పోగొట్టుకోవడం ఎంత కష్టమో మీకు తెలుసు. బద్ధకస్తుడు అనే మాట ఆదివాసికి తగిలించడం లోకానికి ఎప్పుడూ సులువే.

కోపం కూడా ఉండేది. 1969లో బాల్మైన్ జట్టు ఫైనల్‌కు చేరింది. దానికి ముందు జరిగిన మ్యాచ్‌లో రిఫరీ బీట్సన్‌ని మైదానం నుంచి పంపేశాడు. సస్పెన్షన్ పడింది. ఫైనల్‌లో బాల్మైన్ 11-2 తేడాతో సౌత్ సిడ్నీ మీద గెలిచింది, అందరూ గెలుస్తారనుకున్న జట్టు మీద. బీట్సన్ మాత్రం బయట కూర్చుని చూడాల్సి వచ్చింది. ఒక్క క్షణం చెయ్యి ఆపుకోకపోతే ఏడాది కష్టం ఎలా చేజారుతుందో చూడండి. మన జోనల్ మీట్‌లలో గొడవపడి టోర్నమెంట్‌కే దూరమైన పిల్లల్ని నేను చూస్తూనే ఉన్నాను. రెచ్చగొట్టేవాడికి పోయేదేమీ ఉండదు, రెచ్చిపోయినవాడికే పోతుంది.

మధ్యలో 1968లో ఇంగ్లండ్ వెళ్లి హల్ కింగ్‌స్టన్ రోవర్స్ అనే క్లబ్‌కు ఒక సీజన్ ఆడాడు. అక్కడ కాలు విరిగింది. ఫార్వర్డ్ బతుకులో ఎముక విరగడం, భుజం జారడం, మోకాలు తిరగడం మామూలు విషయాలు. ఆయన మళ్లీ లేచాడు.

నమ్మిన గురువు

1971లో ఈస్టర్న్ సబర్బ్స్ క్లబ్‌కు మారాడు. 1972లో ఫైనల్‌లో మ్యాన్లీ మీద ఓడిపోయారు. 1974లో జాక్ గిబ్సన్ కోచ్‌గా వచ్చాడు. ఆస్ట్రేలియా రగ్బీ లీగ్‌లో కొత్త ఆలోచనలకు పేరుపడ్డ కోచ్ ఆయన. ఎవరు ఎన్నిసార్లు ఎదుటివాడిని పట్టారో లెక్కలు రాయించేవాడు, బరువులతో కసరత్తు చేయించేవాడు. ఆ గిబ్సన్ దగ్గర కెప్టెన్ ఎవరంటే 'సగం ఆట' అని వెక్కిరించబడ్డ బీట్సన్.

ఫలితం ఏమైంది? 1974లో ఈస్టర్న్ సబర్బ్స్ ఫైనల్‌లో కాంటర్బరీని 19-4తో ఓడించింది. 1975లో సెయింట్ జార్జ్‌ని 38-0తో చిత్తు చేసింది. ఫైనల్‌లో ఎదుటి జట్టుకు ఒక్క పాయింట్ కూడా దక్కలేదు. బాధ్యత నెత్తిన పెట్టాక అదే మనిషి 80 నిమిషాలూ ఆడాడు. అందుకే ఇక్కడున్న పీఈటీ సార్లకు, మేడమ్‌లకు చేతులు జోడించి చెప్తున్నాను. మన పిల్లవాడికి మొదటినుంచే ఒక బాధ్యత ఇవ్వండి. ముద్ర వేసే ముందు ఒక్కసారి నమ్మి చూడండి.

ఆయన ఆటలో అసలు గొప్పతనం ఏమిటో ఇక్కడ చెప్పాలి. అందరూ ఆయన దేహాన్ని చూశారు. తెలిసినవాళ్లు ఆయన చేతుల్ని చూశారు. ముగ్గురు మీద పడి నేలకు లాగుతున్నా, పూర్తిగా పడిపోయేలోపు ఒక చెయ్యి బయటకు తీసి, పక్కనుంచి వచ్చే తోటివాడికి బంతి అందించేవాడు. ఆ ముగ్గురూ ఆయన మీదే ఉంటారు కాబట్టి వాళ్లు నిలబడాల్సిన చోటు ఖాళీ అవుతుంది. ఆ ఖాళీలోంచి తోటివాడు దూసుకుపోతాడు. ఇది బలంతో అయ్యే పని కాదు. తోటివాడు ఎక్కడినుంచి వస్తాడో ముందే తెలిసి ఉండాలి, ఎప్పుడు వదలాలో లెక్క ఉండాలి, ఊపిరి ఆడనప్పుడు కూడా కళ్లు తెరిచి ఉండాలి. తనను పట్టుకున్నవాళ్ల బలాన్నే తన జట్టుకు దారిగా మార్చే తెలివి అది. అడవిలో జాడ చూసి జంతువు ఎటు పోయిందో చెప్పే మన తాతలకు ఆ తెలివి కొత్త కాదు. దాన్ని మనం తెలివి అనకుండా 'అలవాటు' అనేస్తాం, అంతే.

దేశానికి కెప్టెన్

1973లో ఆర్థర్ బీట్సన్ ఆస్ట్రేలియా జట్టుకు కెప్టెన్ అయ్యాడు. ఏ ఆటలోనైనా ఆస్ట్రేలియాకు నాయకత్వం వహించిన మొట్టమొదటి ఆదివాసీ ఆయనే. అప్పటికి తెల్లవాళ్లు ఆ గడ్డ మీద అడుగుపెట్టి 185 ఏళ్లు. 1977 ప్రపంచకప్‌లోనూ ఆయనే కెప్టెన్. సిడ్నీలో జరిగిన ఫైనల్‌లో గ్రేట్ బ్రిటన్ మీద ఆస్ట్రేలియా 13-12తో గెలిచింది. ఒక్క పాయింట్ తేడా. ఏ రాజ్యమైతే వాళ్ల నేలను తనదని జెండా పాతిందో, ఆ రాజ్యం జట్టు మీద, ఆ నేల బిడ్డ కెప్టెన్‌గా గెలిచాడు.

మనకూ ఇలాంటి మనిషి ఉన్నాడని ఇక్కడున్న ప్రతి ఒక్కరికీ తెలియాలి. 1928 ఆమ్‌స్టర్‌డామ్ ఒలింపిక్స్‌లో హాకీలో భారతదేశం మొదటిసారి బంగారు పతకం గెలిచినప్పుడు ఆ జట్టు కెప్టెన్ జైపాల్ సింగ్ ముండా, ఛోటానాగ్‌పూర్ ఆదివాసీ బిడ్డ. తర్వాత రాజ్యాంగ సభలో కూర్చుని మన హక్కుల కోసం గొంతెత్తింది కూడా ఆయనే. ఈ ఇద్దరినీ పక్కపక్కన పెట్టి చూడండి. నాయకత్వం మనకు ఎవరో కొత్తగా నేర్పాల్సింది కాదని అర్థమవుతుంది.

35 ఏళ్ల వయసులో సొంత జెర్సీ

ఇప్పుడు నేను చెప్పదలుచుకున్న అసలు ఘట్టానికి వస్తున్నాను. ఆస్ట్రేలియాలో న్యూ సౌత్ వేల్స్, క్వీన్స్‌లాండ్ రాష్ట్రాల మధ్య ప్రతి ఏడూ పోటీ జరిగేది. ఏ రాష్ట్రంలో క్లబ్‌కు ఆడుతుంటే ఆ రాష్ట్రానికే ఆడాలని నియమం. న్యూ సౌత్ వేల్స్‌లో 1956లో జూద యంత్రాలకు చట్టబద్ధంగా అనుమతి ఇచ్చారు. ఆ యంత్రాల ఆదాయంతో సిడ్నీ క్లబ్బులకు డబ్బు బాగా వచ్చింది. ఆ డబ్బుతో క్వీన్స్‌లాండ్ మంచి ఆటగాళ్లను ఒక్కొక్కరినే కొనుక్కున్నారు. అలా వెళ్లినవాళ్లు తిరిగి తమ సొంత రాష్ట్రం మీదే ఆడాల్సి వచ్చేది. ఏళ్ల తరబడి క్వీన్స్‌లాండ్ ఓడిపోతూనే ఉంది, తన బిడ్డల చేతుల్లోనే ఓడిపోతూ ఉంది. బీట్సన్ కూడా సిడ్నీ వెళ్లినప్పటి నుంచి న్యూ సౌత్ వేల్స్ లేత నీలం జెర్సీ వేసుకునే ఆడాడు. క్వీన్స్‌లాండ్ ముదురు ఎరుపు జెర్సీ ఆయన ఎప్పుడూ వేసుకోలేదు.

ఇది వింటుంటే మీకు ఏదో గుర్తు రావడం లేదా? మన ఊళ్ల నుంచి హైదరాబాద్‌కో, విశాఖకో, బెంగళూరుకో పనికి వెళ్లినవాళ్ల కష్టం ఎక్కడ లెక్కలోకి వస్తోంది? మన అడవి, మన నీళ్లు, మన పిల్లల చేతి బలం అన్నీ వేరేవాళ్ల ఖాతాలో జమ అవుతాయి. వెళ్లినవాడిది తప్పు కాదు. కడుపు కోసం వెళ్తాడు. బీట్సన్ కూడా అలాగే వెళ్లాడు.

1980లో క్వీన్స్‌లాండ్ రగ్బీ లీగ్ అధ్యక్షుడు రాన్ మెకాలిఫ్ పట్టుబట్టి ఒక ప్రయోగం చేయించాడు. ఆ ఏడాది మూడో మ్యాచ్‌లో, ఎవరు మొదట ఏ రాష్ట్రంలో ఆడడం మొదలుపెట్టారో ఆ రాష్ట్రానికే ఆడాలి. దాన్నే 'స్టేట్ ఆఫ్ ఆరిజిన్' అన్నారు. మొదటి రెండు మ్యాచ్‌లు న్యూ సౌత్ వేల్స్ అప్పటికే గెలిచేసింది కాబట్టి సిడ్నీలో చాలామంది దీన్ని తేలిగ్గా తీసుకున్నారు. ఒకే క్లబ్‌లో ఆడేవాళ్లు ఒకరినొకరు గట్టిగా కొట్టుకుంటారా అని నవ్వారు.

క్వీన్స్‌లాండ్ ఎవరిని కెప్టెన్‌గా పెట్టిందో తెలుసా? 35 ఏళ్ల బీట్సన్‌ని. అప్పటికి ఆయన పారమట్టా క్లబ్‌లో రెండో శ్రేణి జట్టుకు ఆడుతున్నాడు. అంటే అందరి లెక్కలో ఆయన పని అయిపోయింది. 1980 జూలై 8 రాత్రి, బ్రిస్బేన్ లాంగ్ పార్క్ మైదానంలో 33 వేల మందికి పైగా జనం. ఆ ముదురు ఎరుపు జెర్సీతో బీట్సన్ ముందు నడుస్తూ బయటకు వచ్చేసరికి మైదానం దద్దరిల్లింది. తన క్లబ్ సహచరుడు మిక్ క్రోనిన్ అవతల జట్టులో ఉంటే, ఆయన్ని కూడా బీట్సన్ వదలకుండా ఢీకొట్టాడని ఇప్పటికీ కథలు చెప్పుకుంటారు. సరిగ్గా అదే రోజు ఇరవయ్యో పుట్టినరోజు జరుపుకుంటున్న మాల్ మెనింగా ఏడు కిక్‌లు కొడితే ఏడూ గోల్ అయ్యాయి. క్వీన్స్‌లాండ్ 20-10తో గెలిచింది.

ప్రయోగం అనుకున్నది పండుగ అయింది. 1982 నుంచి మూడు మ్యాచ్‌ల సిరీస్ అంతా ఆ పద్ధతిలోనే జరుగుతోంది. ఈ రోజు ఆస్ట్రేలియాలో అతి పెద్ద ఆటల సంబరాల్లో అదొకటి. ఆ రాత్రి ముసలివాడైపోయాడనుకున్న ఒక ఫార్వర్డ్ మనసుపెట్టి ఆడకపోయి ఉంటే, అది ఆ ఒక్క మ్యాచ్‌తోనే పోయేదేమో. సొంత మట్టి పేరు గుండెల మీద ఉంటే మనిషి ఎలా ఆడతాడో ఆ రోజు లోకం చూసింది.

ఆట అయిపోయాక

మన పిల్లలు ఎక్కువమంది ఆగిపోయేది ఇక్కడే. ఆట అయిపోతే అంతా అయిపోయినట్టే అనుకుంటారు. ఫార్వర్డ్ దేహం మహా అయితే ముప్పై దాటి మూడు నాలుగేళ్లు పనిచేస్తుంది. ఆ తర్వాత జీవితం ఇంకా సగం పైనే ఉంటుంది.

బీట్సన్ 1981లో గాయం వల్ల ఆ మ్యాచ్ ఆడలేకపోయాడు. ఇంటికి వెళ్లి కూర్చోలేదు. క్వీన్స్‌లాండ్‌కు కోచ్ అయ్యాడు. కెప్టెన్సీ యువకుడైన వాలీ లూయిస్‌కు వచ్చింది. బీట్సన్ శిక్షణలో క్వీన్స్‌లాండ్ 1982, 1983, 1984 సిరీస్‌లు వరసగా గెలిచింది. 1983లో ఆస్ట్రేలియా జట్టుకు కూడా కోచ్‌గా పనిచేశాడు. 1989లో మళ్లీ క్వీన్స్‌లాండ్ కోచ్‌గా వచ్చి మూడుకు మూడు గెలిపించాడు. తర్వాత క్లబ్బుల కోసం ఊరూరా తిరిగి కొత్త పిల్లల్ని వెతికి తెచ్చాడు. బలానికి మాత్రమే పనికొస్తాడు అనుకున్న మనిషి ఆటగాడిగా, కెప్టెన్‌గా, కోచ్‌గా, ఆటగాళ్లను ఎంచే చూపు ఉన్నవాడిగా అన్ని మెట్లూ ఎక్కాడు. ఆయన్ని రగ్బీ లీగ్ 'ఇమ్మోర్టల్' అంటే చిరంజీవి అని గౌరవించారు. ఆ గౌరవం పొందిన ఏడో ఆటగాడు ఆయన. 2008లో ఆస్ట్రేలియా శతాబ్దపు జట్టులో ముందు వరుసలో ఆయన పేరు ఉంది.

2011 డిసెంబర్ 1న సైకిల్ తొక్కుతుండగా గుండెపోటు వచ్చి పోయాడు. అరవై ఆరేళ్లు. మొదటి ఆరిజిన్ ఆడిన ఆ మైదానం బయట ఇప్పుడు ఆయన విగ్రహం ఉంది. ఆదివాసీ ఆటగాళ్లతో ఏర్పడిన ఆల్ స్టార్స్ జట్టు ఆడే మ్యాచ్‌లో గెలిచినవాళ్లకు ఇచ్చే ట్రోఫీకి ఆయన పేరే పెట్టారు. ఆస్ట్రేలియా జనాభాలో ఆదివాసులు నూటికి నలుగురు కూడా లేరు. కానీ అక్కడి పెద్ద లీగ్‌లో నూటికి పది మందికి పైగా ఆదివాసీ ఆటగాళ్లే. జోనాథన్ థర్‌స్టన్, గ్రెగ్ ఇంగ్లిస్ లాంటి వాళ్లంతా ఆయన తెరిచిన దారిలో వచ్చినవాళ్లే.

వీటన్నిటికంటే నాకు నచ్చినది ఇంకొకటి ఉంది. క్వీన్స్‌లాండ్ మాజీ ఆటగాళ్లు ఆదివాసీ విద్యార్థుల కోసం ఒక కార్యక్రమం నడుపుతున్నారు. దాని పేరు 'ఆర్టీ అకాడమీ'. అందులో ఎవరు ఎన్ని పాయింట్లు కొట్టారని అడగరు. బడికి ఎన్ని రోజులు వచ్చావు, చదువు ఎలా ఉంది, నడవడిక ఎలా ఉంది అని చూస్తారు. బాగుంటే ఆటగాళ్లను కలిపిస్తారు, మ్యాచ్‌లకు తీసుకెళ్తారు. అంత పెద్ద ఆటగాడి పేరును బడి హాజరుకు పెట్టారంటే, చదువు, ఆట రెండు కాళ్లలాంటివని వాళ్లకు అర్థమైందన్నమాట.

మన సంగతి

రగ్బీ మనకు దూరం అనుకోకండి. 2007లో భువనేశ్వర్‌లోని కళింగ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సోషల్ సైన్సెస్‌లో చదివే ఒడిశా ఆదివాసీ పిల్లలు లండన్ వెళ్లి, 14 ఏళ్ల లోపు పాఠశాలల అంతర్జాతీయ రగ్బీ పోటీలో విజేతలుగా వచ్చారు. ఒడిశా అంటే మన అరకు కొండల అవతలే. 2014 మే 25న పదమూడేళ్ల మాలావత్ పూర్ణ ఎవరెస్ట్ ఎక్కింది. నిజామాబాద్ జిల్లా తండా బిడ్డ, గురుకులం విద్యార్థిని. వాళ్ల దగ్గర ఉన్నవేవీ మీ దగ్గర లేనివి కావు.

అందుకే కొన్ని మాటలు సూటిగా చెప్తాను. ఎవరైనా 'నీకు బలం ఉంది' అంటే సంతోషించండి, కానీ అక్కడితో ఆగకండి. రూల్స్ పుస్తకం చదవండి. రిఫరీ పరీక్ష రాయండి. ఆట అయిపోయాక పటియాలాలోని జాతీయ క్రీడా సంస్థలో కోచింగ్ డిప్లొమా ఉందని తెలుసుకోండి. డిగ్రీ వదిలేసి ఆడకండి, ఆట వదిలేసి చదవకండి. సర్టిఫికెట్లు ఒక ఫైల్లో భద్రంగా పెట్టుకోండి, స్పోర్ట్స్ కోటా రోజున అవే మాట్లాడతాయి. ఎవరైనా కాగితం మీద సంతకం పెట్టమంటే, చదివి, అర్థం కాకపోతే సార్‌నో, సంఘం పెద్దల్నో అడిగి పెట్టండి. తలకు దెబ్బ తగిలితే మగతనం చూపించడానికి మళ్లీ మైదానంలోకి వెళ్లకండి. ఆ పెద్ద లీగ్‌లోనే ఇప్పుడు తలకు దెబ్బ తగిలిందని అనుమానం వస్తే బయటకు తెచ్చి డాక్టర్ చూస్తాడు. చెల్లెళ్లకు ప్రత్యేకంగా చెప్తున్నాను, ఈ మాటలన్నీ మీకు కూడా.

పని కోసం పట్నం వెళ్లినవాళ్లూ, వెళ్లండి, తప్పు లేదు. కానీ పండుగకు వచ్చినప్పుడు రెండు రోజులు ఊళ్లోని చిన్నపిల్లల్ని పోగేసి ఆడించండి. మీకు వచ్చిన పట్టు నేర్పండి. మన గూడెం పేరు మీద ఒక జట్టు కట్టండి. వేరేవాళ్ల జెర్సీలో ఎన్నేళ్లు ఆడినా, మన జెర్సీ వేసుకునే రోజు ఒకటి రావాలి. ఆ జెర్సీ కుట్టించాల్సింది మనమే. ఈ సంఘం వచ్చే ఏడాది యువజన క్రీడోత్సవం జరపాలనుకుంటోంది. ఆ జట్లకు కెప్టెన్లుగా, కోచ్‌లుగా, రిఫరీలుగా బయటివాళ్లను పిలవకూడదని నా విన్నపం. అందరూ మీలోంచే రావాలి. పేర్లు ఈ రోజే రాసుకుంటున్నాం. భోజనాలకు వెళ్లే ముందు అక్కడ బల్ల దగ్గర మీ పేరు, ఊరు, వయసు, మీరు ఏ బాధ్యత తీసుకుంటారో రాసి వెళ్లండి.

 జోహార్. జై ఆదివాసీ.